మిగతా ఎనభై ఒకటి

ఆవిడ పోయారన్న కబురు నాకు రెండుసార్లు వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి పుంగ్గోల్ స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉండగా ఫోన్ మోగింది. "చర్ పాస్ అవే దిస్ మార్నింగ్" అని ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం. అది ఇంకా మనసుకు ఎక్కకముందే రెండో మెసేజ్ వచ్చింది. అదే మనిషి నుంచి, అదే వాక్యం. ఈసారి 'పాస్' అన్నచోట 'పాస్డ్' అని ఉంది.

పంపింది శాలిని. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు ఇరవై రెండేళ్ళది. ఏడుస్తూ టైప్ చేసి ఉంటుంది. ఏడుస్తూనే తప్పు చూసుకుని, దిద్ది, మళ్ళీ పంపింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి నేను ముందు నవ్వాను. ఏడుపు రైలెక్కాక వచ్చింది.

ఇక్కడి బళ్ళలో పిల్లలు టీచర్‌ని సగం ముద్దుగా, సగం బద్ధకంగా 'చర్' అంటారు. ఆవిడ చెప్పేది లెక్కలే అయినా ఆవిడ ముందు ఏ భాషలోనూ తప్పు మాటతో తప్పించుకోవడం కుదిరేది కాదు. ముఖ్యంగా 'ఆల్మోస్ట్' అన్న మాటంటే ఆవిడకు ఒళ్ళు మంట. "ఆల్మోస్ట్ వచ్చేసింది, చర్" అని ఏ పిల్లాడైనా అంటే, "బస్సు ఆల్మోస్ట్ ఎక్కితే ఇంటికి చేరతావా?" అని ఇంగ్లీషులో అడిగేవారు. వాడు మళ్ళీ మొదటి లైను నుంచి చేసుకోవాల్సిందే.

నేను ఆవిడ దగ్గరికి మొదటిసారి వెళ్ళింది చాక్లెట్ల సంచీతో. అప్పటికి నాకు ముప్ఫై నాలుగేళ్ళు. విజయనగరం నుంచి పైచదువుకి వచ్చి, ఇక్కడే ఒక యూనివర్సిటీ ల్యాబులో ఉద్యోగానికి కుదురుకున్నాను. ఫ్లాటు, భర్త, నాలుగేళ్ళ పాప. సెంబవాంగ్‌లో, ప్రభుత్వం బీదవాళ్ళకి అద్దెకిచ్చే ఇళ్ళ బ్లాకు కింద ఒక గది ఉందనీ, రిటైరైన ఇండియన్ టీచర్ ఒకావిడ అక్కడ శనివారాలు పిల్లలకు ఊరికే లెక్కలు చెబుతారనీ, సాయానికి మనిషి కావాలనీ ల్యాబులో తోటి అమ్మాయి చెప్పింది. మంచి పని చెయ్యబోతున్నానన్న ఉత్సాహంతో వెళ్ళాను.

గది గుమ్మంలో పొట్టిగా, నల్లగా, నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్న ఒకావిడ నిలబడి ఉన్నారు. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన నూలుచీర, కాళ్ళకి మగవాళ్ళు వేసుకునేలాంటి నల్ల బూట్లు. నా పేరు, ఊరు ఇంగ్లీషులో చెప్పాను. విజయనగరం అనగానే ఆవిడ తెలుగులోకి దిగిపోయారు.

"ఓలమ్మ, మనోల్లేనేటి! మా తాతది బొబ్బిలికాడ. ఇక్కడ తెల్లోడి నేవీలో పనికొచ్చీసి ఉండిపోనాడు. నానెప్పుడూ సూల్లేదు ఆ ఊరు. ఆ సంచీలో ఏటది?"

అది మా మామ్మ భాష. మామ్మ పోయి అప్పటికి పదేళ్ళు. మా ఇంట్లో ఇంకెవరూ అలా మాట్లాడరు, మేమందరం చదువుకున్నాం కదా. సముద్రం అవతల, లిఫ్టు పక్కన, ఎవరో ఒకావిడ నోట్లో ఆ భాష చెక్కుచెదరకుండా ఉంది. మధ్యమధ్య ఒక తమిళ మాట, ఒక మలయ్ మాట పడేవి, అంతే తేడా.

"చాక్లెట్లండీ, పిల్లలకి" అన్నాను.

"ఎందుకు?"

"కరెక్ట్ ఆన్సర్ చెప్పినవాళ్ళకి ఇద్దామని..."

"ఆన్సర్ సెప్పడం ఆల్ల పని. మీ ల్యాబులో నీ పని నువ్వు సేసినందుకు సాక్లెట్టిత్తారేటి నీకు? ఇంటికట్టుకెల్లి నీ పిల్లకియ్యి."

అలా మొదలైంది. ఆవిడ నన్ను 'పిల్లా' అనేవారు. నేను 'టీచర్‌గారూ' అనేదాన్ని.

ఆ గదికి వచ్చే పిల్లలు ఇరవైమంది దాకా ఉండేవారు. తమిళులు, మలయ్‌లు, చైనీయులు. అప్పట్లో ఇక్కడ పన్నెండేళ్ళకే ఒక పరీక్ష పెట్టి పిల్లల్ని మూడు దారులుగా విడదీసేవారు. వీళ్ళందరూ అన్నిటికన్నా కింది దారిలో పడ్డవాళ్ళు. ఆ సంగతి వాళ్ళకు బాగా తెలుసు. ఏ లెక్క ఇచ్చినా చదవకముందే, నావల్ల కాదని, "కెనాట్ లా, చర్" అనేవారు. ఆ మాటలో దిగులు కూడా ఉండేది కాదు. బయట వాన పడుతోంది అన్నంత మామూలుగా అనేవారు.

నేను వాళ్ళకోసం మూడురోజులు కూర్చుని ఒక వర్క్‌షీట్ తయారుచేశాను. పెద్దపెద్ద అక్షరాలు, రంగురంగుల బొమ్మలు, ఒక్కో లెక్కలో ఒక్కటే మెట్టు. పిల్లలు చకచకా చేసేశారు. అందరికీ పదికి పది. గదంతా సంబరం. అందరూ వెళ్ళాక టీచర్‌గారు ఆ కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టారు.

"ఇది నీ పాపకిత్తావేటి, పధ్నాలుగేళ్ళొచ్చాక?"

నేను కాగితం అటూ ఇటూ తిప్పాను.

"ఇవ్వవు. నీ పాపకి ఇంతకన్నా వస్తాదని నీకు తెలుసు. మరి ఈ గుంటలకి రాదని నీకెవులు సెప్పినారు?" నా మొహం చూసి, గొంతు తగ్గించారు. "నువ్వు మంచిదానివే పిల్లా. జాలిపడ్డావు. ఆల్లకి చిన్నప్పట్నుంచీ జాలి సాలానే దొరికింది. లెక్కలు దొరకలేదు."

మర్నాడు ఆ వర్క్‌షీట్లన్నీ చింపేశాను. రెండురోజులు ఆవిడ మీద కోపంగానే ఉన్నాను.

చీర సంగతి ఒకసారి అడిగాను. ఆ గదికి ఏసీ లేదు. రెండు ఫ్యాన్లు తిరిగేవి, అందులో ఒకటి చప్పుడు మాత్రమే చేసేది. ఆ ఉక్కలో గంజిచీర ఎందుకండీ అన్నాను. "పేరున్న స్కూలు టీచర్లు ఎలాగ తయారయ్యొస్తారో సూడలేదేటి? ఈ గుంటలకి మాత్రం నైటీ ఏసుకునొచ్చి సెప్తే సాలేటి?" అన్నారు.

ఆవిడకు ఒక కటువైన నియమం ఉండేది. తొమ్మిదింటికి తలుపు మూసేవారు. తర్వాత వచ్చినవాళ్ళు అద్దం తలుపు అవతలి నుంచి లోపలికి చూసి వెనక్కి పోవాల్సిందే. వాచీ ముల్లు మీదే ఉండేది ఆవిడ చూపు. ఆ నియమమే శాలిని విషయంలో ఆవిడకు ఎదురు తిరిగింది.

శాలినికి అప్పుడు పధ్నాలుగేళ్ళు. తమిళ పిల్ల, సన్నగా, ఎప్పుడూ ఏదో గబగబా ముగించాలన్నట్టు కూర్చునేది. నోట్‌బుక్‌లో లెక్క సగమే కనిపించేది, మిగతా సగం బుర్రలో చేసేది. టీచర్‌గారు ఆ పిల్లని మిగతావాళ్ళకన్నా రెండింతలు విసిగించేవారు. "ఈ మెట్టు ఎక్కడిది? దీన్నెలా దాటావు? రాయి" అని. ఆవిడ ఎవరినైనా ఎక్కువ విసిగిస్తున్నారంటే వాళ్ళ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకున్నారని అర్థం. పిల్లలకి అది తెలిసే అవకాశం లేదు.

ఒక నెలలో శాలిని వరసగా మూడు శనివారాలు ఆలస్యంగా వచ్చింది. మొదటి రెండుసార్లు చూసి వెళ్ళిపోయింది. మూడోసారి తలుపు తట్టింది. టీచర్‌గారు తలుపు కొంచెం తీసి, పిల్లలందరికీ వినబడేలా ఇంగ్లీషులో అన్నారు. "ఈ క్లాసు కావాలనుకున్నవాళ్ళకి. నీకు అక్కర్లేకపోతే ఇంట్లో పడుకో." తలుపు మూశారు. ఆ పిల్ల మొహంలో ఏ మార్పూ రాలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి శనివారం అసలు రాలేదు.

ఆ శనివారమే మధ్యాహ్నం నేను బస్‌స్టాపులో ఉన్నాను. ఎదురుగా ఒక వీల్‌చైర్ తోసుకుంటూ శాలిని వస్తోంది. వీల్‌చైర్‌లో ముసలావిడ, మోచేతి దగ్గర లావుగా కట్టు. వాళ్ళ పాట్టి, అంటే నాయనమ్మ. ఆవిడకు మూత్రపిండాలు పనిచెయ్యవట. మంగళ, గురు, శనివారాలు పొద్దున్నే డయాలిసిస్. వాళ్ళమ్మ హాకర్ సెంటర్‌లో, అంటే తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాల్లో, బల్లలు తుడిచే పనికి తెల్లవారకముందే వెళ్ళిపోతుంది. బడి రోజుల్లో పక్కింటావిడ తీసుకెళ్తుంది, శనివారం శాలిని వంతు. ఆ నెల నుంచి పాట్టిని దింపే వేళ మారిందట. అక్కడ దింపి, సూదులు పెట్టేదాకా ఉండి, పరిగెత్తుకొచ్చినా తొమ్మిదీ ఇరవై అవుతోందట.

"టీచర్‌కి ఎందుకు చెప్పలేదమ్మా? ఒక్క ముక్క చెబితే లోపలికి రానిచ్చేవారు కదా" అన్నాను.

"చెప్పొద్దు ఆంటీ, ప్లీజ్" అంది ఇంగ్లీషులో. "స్కూల్లో అందరికీ తెలుసు. అందరూ పాపం అంటారు. హోంవర్క్ చెయ్యకపోయినా ఫర్వాలేదంటారు. ఆ తర్వాత నన్ను ఇంకేమీ అడగరు. చర్ ఒక్కతే అడుగుతుంది."

బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. ఆ పిల్లకి మాట ఇవ్వకుండా ఏదో నసిగి, వెనక్కి నడిచి గదికి వెళ్ళాను. టీచర్‌గారు ఒక్కరే బల్లలు సర్దుతున్నారు. అంతా చెప్పాను. చివరి మాటతో సహా.

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నలభై ఏళ్ళు, పిల్లా" అన్నారు. "నలభై ఏళ్ళు టీచరుగా సేసి, ఎందుకాలీసమైందని ఒక గుంటని అడగలేకపోనాను." లేచి సంచీ భుజానికేసుకున్నారు. "పద. ఆల్లిల్లు నీకు తెలుసా?"

పన్నెండో అంతస్తు. ఒకటే గది. గోడకి చుట్టి నిలబెట్టిన పరుపులు, కిటికీకి అడ్డంగా ఆరేసిన బట్టలు, మంచం మీద పాట్టి. శాలిని తల్లి అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, ఇంకా యూనిఫాం చొక్కాలోనే ఉంది. టీచర్‌ని చూసి కంగారుగా కుర్చీ తుడవబోయింది. టీచర్‌గారు కూర్చోలేదు. వంటచోటు దగ్గర నిలబడిపోయిన శాలిని ఎదురుగా వెళ్ళి నిటారుగా నిలబడ్డారు. బడిలో పిల్లలు టీచర్ ముందు నిలబడినట్టే.

"నువ్వు ఎందుకు ఆలస్యంగా వస్తున్నావో నేను అడగలేదు. అడగడం నా పని. నా పని నేను చెయ్యలేదు. అందరి ముందూ నిన్ను అవమానించాను. అందరి ముందూ సారీ చెబుతాను, కానీ ముందు మీ ఇంట్లో చెప్పాలని వచ్చాను. సారీ."

తల్లికి ఆ ఇంగ్లీషు ఎంతవరకు అర్థమైందో తెలియదు. విషయం మాత్రం అర్థమైంది. "అయ్యో టీచర్, మీరు అలా అనకూడదు" అంది తమిళంలో. శాలిని నేలచూపులు చూస్తోంది. టీచర్‌గారు సంచీలోంచి నాలుగు కాగితాల కట్టలు తీశారు.

"ఇవి నువ్వు రాని నాలుగు వారాలవి. తప్పు నాది. లెక్కలు మాత్రం నీవి. వచ్చే శనివారానికి."

ఆ పిల్ల తలెత్తింది. దాని మొహంలో నవ్వు నేను చూడ్డం అదే మొదటిసారి.

టీ తాగుతుండగా తల్లి మెల్లగా ఒక సంగతి చెప్పింది. బళ్ళో పిలిచి అడిగారట. ఒక్క లెక్కలు మాత్రం పై దారి పిల్లలతో కలిసి చదువుతుందా అని. తనే వద్దని చెప్పి వచ్చిందట. "ఇంట్లో ఇంత పని. పసిపిల్ల. ఆ బరువు కూడా ఎందుకు టీచర్? వాళ్ళు కూడా సరే, ఫర్వాలేదన్నారు."

"పిల్లని అడిగారా?" అన్నారు టీచర్‌గారు తమిళంలో.

తల్లి అడగలేదు. ఇప్పుడు అడిగింది. శాలిని చాలాసేపు మాట్లాడలేదు. నాకు నోరు దురద పెట్టింది, ఏదో ఒకటి అనేసి ఆ మౌనాన్ని తేలిక చెయ్యాలని. టీచర్‌గారు చెయ్యి నా మోకాలి మీద వేసి నొక్కారు. చివరికి ఆ పిల్ల, "చదువుతానమ్మా" అంది.

"మరి శనివారం పాట్టిని ఎవరు తీసుకెళ్తారు? తొమ్మిదింటికల్లా నువ్వక్కడెలా ఉంటావు?" అంది తల్లి.

టీచర్‌గారు నావైపు తిరిగి తెలుగులో అన్నారు. "పిల్లా, శెనివారం పొద్దున్న నీకేటి పని?"

"క్లాసుకొస్తాను కదండీ. వర్క్‌షీట్లు..."

"నీ వర్క్‌షీట్లకన్నా వీల్‌చైరు బాగా తొయ్యగలవులే."

నిజం చెప్పాలి, నాకు రోషం వచ్చింది. డాక్టరేట్ చేసి, ముక్కూమొహం తెలియని ముసలావిడ కుర్చీ తొయ్యడమా అనుకున్నాను. మొదటి రెండు వారాలూ బిగుసుకుపోయి తోశాను. మూడో వారం పాట్టి నన్ను పెళ్ళి గురించీ, అత్తగారి గురించీ అడగడం మొదలుపెట్టింది. ఆవిణ్ణి అక్కడ దింపి క్లాసుకి వచ్చేదాన్ని. ఏడాదిన్నర తోశాను. అప్పటిదాకా వింటే కొంత అర్థమయ్యే తమిళం నా నోటికి కూడా వచ్చిందంటే, అది ఆ ముసలావిడ పెట్టిన భిక్షే.

వాళ్ళింటికి వెళ్ళొచ్చిన తర్వాతి శనివారమే టీచర్‌గారు అన్నమాట ప్రకారం క్లాసు ముందు నిలబడి శాలినికి సారీ చెప్పారు. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. తలుపు మూసే నియమం ఆ రోజుతో పోయింది. దాని బదులు తలుపు దగ్గర ఒక కుర్చీ వేశారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ముందు అందులో కూర్చోవాలి. ఆవిడ వెళ్ళి పక్కన వంగి, ఎందుకైందో అడిగేవారు. కారణం విని తల ఊపి, "సరే, రెండో లెక్క" అనేవారు. కారణం ఏదైనా లెక్క మాత్రం తగ్గేది కాదు.

పై దారి లెక్కల్లో శాలినికి మొదటి పరీక్షలో పంతొమ్మిది వచ్చాయి, నూటికి. పేపరు నాలుగు మడతలు పెట్టి, పెన్సిల్ డబ్బాలో దాచి తెచ్చింది. టీచర్‌గారు మడతలు విప్పి, బల్ల మీద చేత్తో చదును చేసి, మొదటి నుంచి చివరిదాకా చదివారు. పెన్సిల్‌తో మూడుచోట్ల సున్నా చుట్టారు.

"ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ నువ్వు సరిగ్గా ఆలోచించావు. ఈ పంతొమ్మిది నీవి, ఎవరూ పట్టుకుపోరు. మిగతా ఎనభై ఒకటి ఎక్కడికి పోయాయో వెతుకుదాం రా."

వెతకడానికి ఆరు శనివారాలు పట్టింది. ఒక్కో తప్పు దగ్గరా ఆగి, ఎక్కడ దారి తప్పిందో ఆ పిల్ల చేతే చెప్పించారు. మధ్యలో ఒకరోజు శాలిని పెన్సిల్ విసిరికొట్టి ఏడ్చింది. ఆవిడ ఓదార్చలేదు. పెన్సిల్ తీసి, చెక్కి, ముక్కు పదునుగా చేసి, మళ్ళీ చేతిలో పెట్టారు.

ఆవిడ అందరికీ నచ్చేవారని చెప్పను. సాయానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆ మాటలు పడలేక మానేశారు. ఫైజల్ అని ఒక మలయ్ కుర్రాడు, "నువ్వు మాట్లాడితే నేను తెలివితక్కువవాణ్ణి అనిపిస్తుంది" అని మొహం మీద అనేసి వెళ్ళిపోయాడు. ఆవిడ రెండుసార్లు వాళ్ళ బ్లాకుకి వెళ్ళారు. తలుపు తియ్యలేదు. "ఆ గుంటడు సెప్పింది తప్పని నాననలేను" అన్నారు తిరిగొచ్చి. ఆ తర్వాత చాలాకాలం వాడు కూర్చునే చోట ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు.

ఇంకొకటి. మా పాప పెద్దదవుతుంటే, మీ దగ్గరికి పంపిస్తానండీ అని అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నీ పిల్లకి నువ్వున్నావు, మీ ఆయనున్నాడు, ఇంటినిండా పుస్తకాలున్నాయి. నా శెనివారం కూడా కావాలేటి?" అన్నారు. చిన్నబుచ్చుకున్నాను. రాత్రి మా ఆయనతో చెబితే, "కరెక్టే కదా" అన్నాడు.

శాలినికి చివరి పరీక్షలో లెక్కల్లో బి వచ్చింది. తల్లీకూతుళ్ళు ఆ కాగితం పట్టుకుని గదికి వచ్చారు. తల్లి కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. టీచర్‌గారు కాగితం చూసి, "బీ" అన్నారు. "బాగుంది. ఏ ఎందుకు రాలేదో కనుక్కున్నావా?" శాలిని నవ్వుతూ, "రెండో పేపర్, చర్. ఆఖరి లెక్క చదవడంలో తొందరపడ్డాను" అంది. "ఊ" అని ఆవిడ వేరే పిల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ఇంత పిసినారితనమా అనుకున్నాను నేను.

తర్వాత చేతులు కడుక్కోవడానికి గది వెనక్కి వెళితే, గోడవతల ఆవిడ గొంతు వినబడింది. తమ్ముడికి ఫోన్ చేస్తున్నట్టున్నారు. "ఒరే, మా గుంటకి బి వొచ్చిందిరా! అవున్రా, ఆ గుంటకే! పంతొమ్మిది నుంచీ! పంతొమ్మిది!" ఆవిడ గొంతు అలా పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను.

శాలిని ఆ పై చదువులు చదివి, ఇప్పుడు తువాస్‌లో ఒక షిప్‌యార్డులో పనిచేస్తోంది. ఓడల ఉక్కు పలకల అతుకుల్లో లోపల పగుళ్ళున్నాయేమో శబ్దతరంగాలతో పరీక్షించే పని. పాట్టి మూడేళ్ళ క్రితం పోయింది. టీచర్‌గారికి జబ్బని మాకెవరికీ తెలియనివ్వలేదు. ఆఖరి మూడు వారాలే ఆవిడ గదికి రాలేదు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మంచం పక్కన శాలిని కూర్చుని ఉంది. ఆవిడ దిండుకి ఆనుకుని, కళ్ళు చికిలించి, "శబ్దం లోపలికి పోతుంది, సరే. పగులు దగ్గర ఎందుకు వెనక్కొస్తుంది? ఇంకోసారి చెప్పు, నాకు అర్థం కాలేదు" అంటున్నారు. శాలిని ఇంకోసారి చెప్పింది. ఆవిడ మళ్ళీ అడిగారు. ఆ సాయంత్రం మూడోసారికి అర్థమైంది ఆవిడకు. తృప్తిగా తల ఊపి కళ్ళు మూసుకున్నారు.

అంత్యక్రియలకు మేం పదకొండు మందిమి వెళ్ళాం. ఆవిడ నేర్పిన పిల్లలు వందల్లో ఉండాలి. కొందరికి తెలియలేదు, కొందరికి డ్యూటీ, కొందరికి మనసొప్పలేదేమో. శాలిని షిప్‌యార్డు నీలం యూనిఫాంలోనే వచ్చింది, తల్లిని వెంటబెట్టుకుని. టీచర్‌గారి తమ్ముడి కొడుకు ఏర్పాటు చేసిన బస్సులో మందాయ్ శ్మశానానికి బయల్దేరాం. ఆయనా, ఇంటివాళ్ళూ దేహంతో పాటు ముందు వెళ్ళిపోయారు.

బస్సు దిగాక మాకు ఎటు వెళ్ళాలో తెలియలేదు. ఆ రోజు చాలా దహనాలున్నాయి. జనం గుంపులు గుంపులుగా అటూ ఇటూ నడుస్తున్నారు. గోడ మీద ఒక తెర, దాని నిండా ఇంగ్లీషులో పేర్లు, హాళ్ళ నంబర్లు. పిల్లలు తెర కేసి చూసి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్ళలో వాళ్ళలో ఎవరికీ ఆవిడ అసలు పేరు తెలియదు. నేను చెప్పబోతూ జనంలోంచి ముందుకి తోసుకుంటున్నాను.

అంతలో శాలిని తల్లి తెర ముందుకి వెళ్ళి నిలబడింది. చూపుడు వేలు గాల్లో ఎత్తి, పైనుంచి ఒక్కో వరస మీద నడిపిస్తూ కిందికి వచ్చింది. ఒకచోట వేలు ఆగింది. పెదాలు కదిలాయి. తర్వాత పైకే చదవడం మొదలుపెట్టింది. ఇంటిపేరు, తండ్రి పేరు, ఆవిడ పేరు, పొడుగాటి తెలుగు పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో నుంచి ఒక్కో ముక్కా విడదీసి, కూడబలుక్కుని, ఎక్కడా వదలకుండా చివరిదాకా చదివింది.

"హాల్ త్రీ" అంది మావైపు తిరిగి.

శాలిని తల్లినే చూస్తోంది. "అమ్మా, నీకు ఇంగ్లీషు చదవడం ఎప్పుడొచ్చింది?"

"బుధవారాలు" అంది తల్లి తమిళంలో, కొంచెం సిగ్గుపడుతూ. "మధ్యాహ్నం మా హాకర్ సెంటర్ ఖాళీగా ఉన్నప్పుడు టీచర్ వచ్చేవారు. మూడేళ్ళు. మొదట నా పేరు రాయించారు, తర్వాత తన పేరు. సంతకం పెట్టడం నేర్పితే చాలు టీచర్ అన్నాను నేను. అదొక్కటే నేర్చుకునేదానివైతే నేను బస్సెక్కి రాను అన్నారు. నాక్కూడా హోంవర్క్ ఇచ్చేవారు. నీకు చెప్పొద్దని నేనే బతిమాలుకున్నాను."

తల్లి చీర కొంగు సర్దుకుని, కూతురి చెయ్యి పట్టుకుంది.

"పద, టైమవుతోంది" అని, మా అందరికన్నా ముందు మూడో హాలు వైపు నడిచింది.